షెట్లాండ్ ‘ట్రౌ’ ట్యూన్‌ని మన వయొలిన్ మీద నేర్చుకోవడం ఎలా: కథతో మొదలుపెట్టి బో దాకా

“ఆ ట్యూన్ నొటేషన్ ఉంటే పంపండి, రెండు రోజుల్లో వాయించేస్తాను” అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. పంపితే నిజంగానే రెండు రోజుల్లో వాయించేస్తారు. కాకపోతే అది నొట్టుస్వరంలా వినిపిస్తుంది. స్వరాలన్నీ ఉంటాయి, ఒక్క తప్పూ ఉండదు, ఎవరికీ కాలు కదలదు.

స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో ఫిడేలు, అంటే ఈ వయొలినే, నాట్యం కోసం, పెళ్లి కోసం, పండగ కోసం వాయించేది. అక్కడ చాలా ట్యూన్లకు వెనక ఒక కథ ఉంటుంది. గుట్టల్లో ఉండే ‘ట్రౌ’ అనే చిన్న జనం దగ్గర విన్నవని చెప్పేవి వాటిలో కొన్ని. ఆ కథ తెలిస్తే వేగం ఎంత ఉండాలో, ఏ స్వరం మీద ఆగాలో, ఎక్కడ బరువు పడాలో సగం తేలిపోతుంది. అందుకే ఇందులో కథకి ఎక్కువ చోటిచ్చాను.

ఇది వర్ణాలు వాయించే స్థాయికి వచ్చినవాళ్ల కోసం. వెస్టర్న్ వయొలిన్ నేర్చుకున్నవాళ్లు మూడో భాగంలో కొంత వదిలేయొచ్చు. రోజుకి అరగంట, ఒక నెల, ఒకే ఒక్క ట్యూన్. అంతకంటే ఎక్కువ పెట్టుకోకండి.

1. దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ వయొలిన్. వీలైతే కచేరీకి వాడేది కాకుండా రెండోది
☐ కొత్త తీగల సెట్టు ఒకటి, పై తీగ అదనంగా ఇంకోటి
☐ పాట వేగం తగ్గించి వినిపించే ఫోన్ యాప్, ట్యూనర్
☐ ఒకే ట్యూన్‌కి కనీసం ఇద్దరు వేర్వేరు ఫిడ్లర్ల రికార్డింగులు
☐ ఒక నోటు పుస్తకం
☐ షెట్లాండ్ మ్యాపు

మ్యాపు ఎందుకని అందరూ అడుగుతారు. ట్యూన్ల పేర్లలో సగం ఊళ్లు, కొండలు, సరస్సులే. అన్‌స్ట్, యెల్, ఫెట్లార్, వాల్సే, ఫౌలా దీవులు ఎక్కడెక్కడున్నాయో ఒకసారి చూసుకుంటే పేరు పేరులా మిగలదు, చోటుగా గుర్తుంటుంది.

రికార్డింగుల కోసం ‘టోబర్ ఆన్ డూఅల్‌హైస్’ అనే స్కాట్లాండ్ జానపద ఆర్కైవ్ వెబ్‌సైట్ ఉంది. ఎడిన్‌బరాలోని స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ వాళ్లు పల్లెల్లో తిరిగి రికార్డు చేసినవి అందులో ఉచితంగా వినొచ్చు. కొత్త ఆల్బమ్‌లు తర్వాత. ముందు వంటింట్లో కూర్చుని వాయించిన ఏ ముసలాయన రికార్డింగో వినండి.

2. కథను ముందు సరిచూసుకోండి

ట్రౌ అంటే గుట్ట లోపల కాపురముండే చిన్న జనం. నార్వే ‘ట్రోల్’ నుంచి వచ్చిన మాట. వీళ్లకి ఫిడేలంటే ప్రాణం. పెళ్లికో, యూల్ (క్రిస్మస్ రోజుల) పండక్కో దారిన పోయే ఫిడ్లర్‌ని గుట్టలోకి పిలుచుకుపోతారు. అతను ఒక్క రాత్రి వాయించి బయటికొస్తే పైన ఏడాది గడిచిపోయి ఉంటుంది. కొన్ని కథల్లో ఇంకా ఎక్కువే. లేదంటే ఎవరో రాత్రిపూట గుట్ట పక్కగా పోతూ లోపలి నుంచి వినిపించిన ట్యూన్‌ని మనసులో పట్టుకుని, దారంతా మరచిపోకుండా ఇంటికొచ్చి వాయిస్తాడు. అలా వచ్చాయని చెప్పేవే ‘ట్రౌయీ ట్యూన్లు’.

దయచేసి తెలుగులో చెప్పేటప్పుడు ‘దయ్యం’ అనకండి. చచ్చిపోయినవాళ్లు కాదు వీళ్లు. ‘యక్షులు’ అన్నా దారి తప్పుతుంది. ట్రౌ అనే ఉంచి, ఒక వాక్యంలో వివరిస్తే చాలు. వినేవాళ్లకి దగ్గర చేయాలనుకుంటే ఒక పోలిక నిజంగానే ఉంది. ట్రౌలు బాలింతల్ని, పసిపిల్లల్ని ఎత్తుకుపోతారని భయపడి అక్కడ మంచం దగ్గర ఉక్కు కత్తి పెట్టేవారు. బాలింత తలగడ కింద ఇనుప ముక్క పెట్టిన ఇల్లు మనలో ఎంతమందికి తెలియదు!

ఇప్పుడు సరిచూడటం. మీరు ఎంచుకున్న ట్యూన్ ఈ నాలుగింటిలో దేంట్లోకి వస్తుంది?

ట్రౌల దగ్గర విన్నదని చెప్పేది. ఫెట్లార్‌లో వినియడెప్లా అనే సరస్సు ఉంది. అదే పేరుతో ఉన్న ట్యూన్ ఈ కోవలోది. అదే దీవి నుంచి వచ్చిన ‘ఎయిత్ ర్యాంట్’, అన్‌స్ట్‌లోని కొండ పేరున్న ‘వాలాఫీల్డ్’ కూడా అంతే.

పండగకో పెళ్లికో కట్టుబడినది. ‘డా డే డాన్’ యూల్ రోజున తెల్లవారకముందే వాయించేది. పెళ్లి ఊరేగింపుకి ముందు ఫిడ్లర్ నడుస్తూ వాయించే ట్యూన్లు వేరే ఉన్నాయి.

ఓడల్లో వచ్చింది. తిమింగలాల వేటకి గ్రీన్‌లాండ్ వైపు వెళ్లిన షెట్లాండ్ నావికులు తెచ్చుకున్నవి.

ఎవరు కట్టారో తెలిసినది. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. ‘డా ట్రౌయీ బర్న్’ అంటే ట్రౌల వాగు. పేరు చూసి దీన్ని ట్రౌలు నేర్పిన ట్యూన్ అని చెప్పేస్తారు. దాన్ని కట్టింది అన్‌స్ట్ ఫిడ్లర్ ఫ్రీడెమన్ స్టికిల్. అంటే వాగుకి ట్రౌల పేరుంది, ట్యూన్‌కి మనిషి పేరుంది. ఈ తేడా చెప్పకుండా కథ అల్లితే అక్కడివాళ్ల దగ్గర పరువు పోతుంది. నేను ఒకసారి పోగొట్టుకున్నాను, ఆన్‌లైన్ క్లాసులో, ముప్ఫై మంది ముందు.

అలాగే ‘డా స్లాకిట్ లైట్’. షెట్లాండ్ ఫిడ్లర్ టామ్ ఆండర్సన్ 1969లో కట్టింది. స్లాకిట్ అంటే ఆరిపోయిన. తను పుట్టిన ఎషనెస్ నుంచి వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తే, ఒకప్పుడు దీపాలు వెలిగిన ఇళ్లలో చాలావాటిలో వెలుతురు లేదు. అదీ ఆ ట్యూన్. ఇందులో ట్రౌ లేదు, వలస ఉంది. నెమ్మదిగా సాగే ట్యూన్ కావాలంటే దీన్ని తీసుకోండి, కానీ ఈ కింద చెప్పే నాట్యం లెక్కలేవీ దీనికి పనికిరావు.

కథ నోటు పుస్తకంలో రాసేటప్పుడు:

☐ ఏ దీవి, ఏ చోటు
☐ ఎవరు విన్నారంటారు, లేదా ఎవరు కట్టారు
☐ ఏ వేళ: రాత్రా, తెల్లవారుజామా, పండగ ఉదయమా
☐ అక్కడ ఏం జరుగుతోంది: నాట్యమా, ఊరేగింపా, పిండి మరలో పనా
☐ మీరు విన్నది ఏ ఫిడ్లర్ పాఠాంతరం

ఈ చివరిది మరిచిపోవద్దు. ఒకే కీర్తన ఇద్దరు గురువుల దగ్గర రెండు రకాలుగా ఉన్నట్టే, ఒకే ట్యూన్ రెండు దీవుల్లో రెండు రకాలు. రెండూ కలిపి మీ సొంతంగా మూడోది చేయకండి. కనీసం మొదటి ఏడాది.

3. శ్రుతి

మన వయొలిన్ స-ప-స-ప. ఫిడేలు మాత్రం కింది నుంచి పైకి జీ, డీ, ఏ, ఈ. ప్రతి తీగా కింది తీగకి పంచమం. డీని షడ్జమం అనుకుంటే, అంటే రెండు శ్రుతి అనుకుంటే, నాలుగు తీగలూ ఇలా వస్తాయి: మంద్ర మధ్యమం, షడ్జమం, పంచమం, తార రిషభం. మొదటి వారం చేతికి ఇది తిక్కతిక్కగా ఉంటుంది. వేలు అలవాటు మీద వెళ్లి తప్పు తీగ మీద పడుతుంది. టెన్షన్ పడకండి, పది రోజుల్లో సర్దుకుంటుంది.

ఇక్కడ మనకి ఒక అదృష్టం ఉంది. షెట్లాండ్ పాత ఫిడ్లర్లు కొన్ని ట్యూన్లకు కింది రెండు తీగల్నీ ఒక్కో స్వరం పెంచి ఏ-ఈ-ఏ-ఈ చేసుకునేవారు. లెక్కేసి చూడండి. ‘ఏ’ తీగని షడ్జమం అనుకుంటే అది అచ్చంగా స-ప-స-ప, ఆరు శ్రుతిలో! మొదటిసారి ఈ సంగతి గమనించినప్పుడు వయొలిన్ ఒళ్లో పెట్టుకుని కాసేపు నవ్వుకున్నాను. కాబట్టి ఏ-ఈ-ఏ-ఈలో వాయించిన ట్యూన్ దొరికితే దాంతోనే మొదలుపెట్టండి. వేళ్లకి దారి తెలిసే ఉంటుంది.

శ్రుతి పెంచేటప్పుడు:

☐ ఒకేసారి లాగొద్దు. అర స్వరం పెంచి, పది నిమిషాలు వదిలి, మళ్లీ అర స్వరం
☐ బిరడా తిప్పుతుంటే బ్రిడ్జి పైఅంచు వేళ్లపలక వైపు వంగుతుంది. ప్రతిసారీ పక్క నుంచి చూసి, రెండు చేతులతో నిటారుగా సర్దాలి
☐ పాత తీగలు తీసేసి కొత్తవి వేశాకే పెంచాలి
☐ పని అయ్యాక తిరిగి మామూలు శ్రుతికి దించాలి

నాలుగు శ్రుతిలో ఏళ్ల తరబడి ఉన్న వయొలిన్‌ని నేను ఒక సాయంత్రం ఏకంగా ఆరుకి లాగాను. పై తీగ తెగి చెంప మీద గీత పడింది. కళ్లజోడు ఉంది కాబట్టి సరిపోయింది.

కూర్చునే పద్ధతి మార్చాలా? అక్కర్లేదు. పాదం మీద వయొలిన్ తల ఆనించుకునే వాయించొచ్చు. కాకపోతే ఎడమ చెయ్యి జారడానికి సిద్ధంగా ఉంటుంది కదా, దాన్ని ఆపాలి. ఈ ట్యూన్లలో దాదాపు అంతా మొదటి స్థానంలోనే జరుగుతుంది.

4. వినడం, పాడటం

మొదటి మూడు రోజులు వయొలిన్ ముట్టుకోవద్దు.

వంట చేస్తూ, బస్సులో వెళ్తూ వినండి. కాలు దానంతటదే ఎక్కడ తడుతోందో గమనించండి. తర్వాత నోటితో పాడండి. స్వరాలతో కాదు, ‘డిడిల్ డిడిల్’ అని ఏ అర్థం లేని మాటలతోనైనా సరే. ఫిడేలు లేనప్పుడు అక్కడ నోటితోనే ఇలా పాడి నాట్యం చేయించేవారు. మనకి తాననాలు ఉన్నాయి, అలాగే.

నిద్రలో లేపి అడిగినా పాడగలిగాక నొటేషన్ మీరే రాసుకోండి. వేరేవాళ్ల నొటేషన్ చూసి మొదలుపెడితే ఏమవుతుందో మొదటి పేరాలోనే చెప్పాను.

5. స్వరాలు వేళ్ల మీదికి

ట్యూన్ ఎక్కడ ‘ఇంటికి’ చేరుతోందో చూడండి. చాలాసార్లు అదే షడ్జమం. ఆ మీదట స్వరస్థానాలు శంకరాభరణానివా, హరికాంభోజివా, ఖరహరప్రియవా, ఐదు స్వరాలతో మోహనంలా ఉందా అని గుర్తుపట్టండి. గుర్తుపట్టి అక్కడితో ఆపండి. అది రాగం కాదు. మోహనం అనుకున్న మరుక్షణం మీ వేలు గాంధారాన్ని ఊపేస్తుంది.

రిషభానికి ఒకటో వేలు, గాంధారానికి రెండు, మధ్యమానికి మూడు, ఆ పైన పక్క తీగ. ఒక్కో స్వరానికి ఒక్కో వేలు. జారుడు లేదు.

ఒక చిక్కు. పాత రికార్డింగుల్లో నిషాదం ఒక్కోసారి కాకలికీ కైశికికీ నడుమ నిలుస్తుంది. ట్యూనర్ తప్పంటుంది. ట్యూనర్ మాట వినకండి, ఫిడ్లర్ మాట వినండి. శ్రుతుల సూక్ష్మం తెలిసిన చెవికి ఇది కష్టం కాదు, వెస్టర్న్ వాళ్లకంటే మనమే దీన్ని త్వరగా పట్టుకుంటాం.

6. బో: అసలు పనంతా ఇక్కడే

మన చేతికి ఒక బోలో ఎనిమిది స్వరాలు, పదహారు స్వరాలు లాగడం అలవాటు. రీల్ అనే నాట్యపు ట్యూన్‌కి అది విషం. అక్కడ బో పొట్టిగా, చకచకా తిరుగుతుంది. చాలా స్వరాలకి ఒక్కో బో, మధ్యమధ్యలో రెండుమూడు కలిపి ఒకటి. ఆ కలపడం ఎక్కడ అనేదే ఫిడ్లర్ చేతి సంతకం.

లెక్క ఇలా పెట్టుకోండి. రీల్‌లో దెబ్బకి నాలుగు స్వరాలు, అంటే చతురశ్ర నడక. ఒక భాగం సాధారణంగా పదహారు దెబ్బలు, అంటే రెండు ఆదితాళ ఆవర్తనాలు. మొదటి భాగం రెండుసార్లు, రెండో భాగం రెండుసార్లు కలిపి ఎనిమిది ఆవర్తనాలు. కానీ ట్రౌయీ ట్యూన్లలో కొన్ని ఈ లెక్కకి లొంగవు. ఒక దెబ్బ ఎక్కువో తక్కువో వస్తుంది. దాన్ని ‘సరిచేసి’ తాళంలో కూర్చోబెట్టకండి. గుట్ట లోపల ఆదితాళం లేదు.

అభ్యాసం, రోజూ పది నిమిషాలు:

మొదటి వారం: ఖాళీ తీగ మీద త-క-ధి-మి. ప్రతి అక్షరానికి ఒక బో, బో మధ్య భాగంలో, నాలుగు వేళ్ల పొడవు మించకుండా. దెబ్బ వేగం నిమిషానికి 50.

రెండో వారం: ‘త’ కిందికి, ‘క-ధి-మి’ మూడూ కలిపి మీదికి. ఒక్క స్వరానికి వాడినంత బోని తిరిగి మూడింటిలో వెనక్కి తేవాలి. మొదట్లో మూడూ పీలగా వస్తాయి. మీదికి వెళ్లే బోకి చూపుడు వేలితో బలం ఇవ్వండి. ఆ ఎదురు బలమే నాట్యాన్ని లేపేది.

మూడో వారం: ఇదే అభ్యాసం ట్యూన్ మొదటి భాగం మీద. స్వరాలు ఖచ్చితంగా సమానంగా ఉండక్కర్లేదు. మొదటిది ఆవగింజంత సాగి, రెండోది అంత తగ్గాలి. ఎంత అనేది కాగితం మీద రాయలేం. రికార్డింగ్ పక్కన పెట్టుకుని కలిసి వాయిస్తే చెయ్యి నేర్చుకుంటుంది.

నాలుగో వారం: వేగం. నిమిషానికి 60 దెబ్బల నుంచి మొదలుపెట్టి, తడబడకుండా ఐదుసార్లు వచ్చాకే నాలుగు పెంచండి.

7. పక్క తీగ మోగించడం

షెట్లాండ్ ఫిడేలు ఒంటరిగా వినిపించదు. వాయించే తీగతో పాటు పక్కనున్న ఖాళీ తీగ కూడా మోగుతూ ఉంటుంది. తంబూరాలా నిరంతరం కాదు. బరువు పడే స్వరాల దగ్గర తగిలి వదిలేస్తుంది. పైన పాట ఉంటే కింది తీగ, కింద పాట ఉంటే పై తీగ.

బోని రెండు తీగల మీద సమానంగా నొక్కితే గోల. పాట తీగ మీద బరువు, పక్క తీగకి తగిలీ తగలనట్టు. ఎడమ వేళ్లు నిటారుగా దిగాలి, వాలితే పక్క తీగ మూగబోతుంది. నాకు ఎక్కువ కాలం పట్టింది బోకి కాదు, ఈ వేళ్ల నిలువుకే.

8. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

*గమకం దూరిపోతోంది.* గాంధారం, నిషాదం దగ్గర ఎక్కువ. ఆ స్వరాల్ని ఒక్కొక్కటీ విడిగా, బో ఆపి ఆపి వాయించండి. ఊపడానికి సమయం లేకుండా చేస్తే చాలు.

*మరీ వేగం.* వేదికల మీద ఆడే రీళ్లు విని అంత వేగం పట్టుకుంటారు. మీ కథలో ఎవరు నాట్యం చేస్తున్నారో గుర్తు తెచ్చుకోండి. ఇంట్లో ఎవరినైనా ట్యూన్‌కి గెంతమనండి, మా ఇంట్లో ఆ పని మేనకోడలిది. కాళ్లు నేల మీదికి దిగే సమయం లేకపోతే మీరు వేగంగా ఉన్నట్టే.

*ప్రతి సారీ ఒకేలా.* రెండోసారి ఒకటి రెండు చోట్ల బో కలిపే తీరు మార్చండి. స్వరాలు మార్చొద్దు.

*అలంకారాలు ఎక్కువ.* ఐరిష్ ఫిడేలు వీడియోలు చూసి అక్కడి రోల్స్ ఇక్కడ వేస్తారు. అన్నీ ‘సెల్టిక్’ అని ఒక గంపలో పడేయడం వల్ల వచ్చే తిప్పలివి. షెట్లాండ్ 1469 దాకా నార్వే-డెన్మార్క్ రాజుల కింద ఉన్న చోటు. దాని చెవి సగం అటు వైపే.

*ముగింపు సాగదీయడం.* తిల్లానా చివర ముక్తాయింపు వేసినట్టు మూడుసార్లు తిప్పుతారు. వద్దు. ఆగాల్సిన స్వరం మీద ఆగిపోండి.

9. కథ చెప్పి వాయించేటప్పుడు

నిమిషం చాలు. చోటు, మనిషి, వేళ, ఏం విన్నాడు. ట్రౌలు నిజమా కాదా అన్న చర్చ పెట్టకండి. “నిజానికి ఆ గుట్టలో గాలి శబ్దం” అని వివరించారో, తర్వాత వాయించేది ఎవరూ వినరు.

మాదిరికి ఒకటి. ఫెట్లార్‌లో హల్టాడాన్స్ అనే రాళ్ల వలయం ఉంది, నడుమ రెండు రాళ్లు. చెప్పేటప్పుడు నేనింతే అంటాను: “ఆ రాత్రి ట్రౌలు ఆటలో పడి పొద్దు సంగతి మరిచిపోయారు. సూర్యుడొచ్చేశాడు. చుట్టూ ఉన్న రాళ్లు ఆడినవాళ్లు. మధ్యలో ఉన్నవి ఫిడ్లరూ, అతని భార్యా.” ఆ మాట తర్వాత రెండు సెకన్లు ఆగి, బో ఎత్తి, అదే పేరుతో ఉన్న ‘హిల్టాడాన్స్’ మొదలుపెడతాను. పొద్దు పొడవబోతోందని తెలియని ఆట అది, కాబట్టి చివరి సారి వేగం తగ్గించను.

వేదిక ఎక్కే ముందు:

☐ ఏ-ఈ-ఏ-ఈ అయితే వయొలిన్‌ని గంట ముందే శ్రుతి చేసి వదిలేశారా
☐ ఎవరి పాఠాంతరమో చెప్పడానికి పేరు గుర్తుందా
☐ ఊరి పేర్లు రికార్డింగ్ విని పలకడం నేర్చుకున్నారా
☐ మృదంగం పక్కన ఉంటే ఆయనకి ట్యూన్ ముందే వినిపించారా, దెబ్బ ఎక్కువొచ్చే చోటు చూపించారా
☐ అదనపు తీగ జేబులో ఉందా

రెండో ట్యూన్‌కి తొందర లేదు. వెళ్లేటప్పుడు మాత్రం అదే దీవి నుంచి తీసుకోండి. ఫెట్లార్‌తో మొదలుపెట్టినవాళ్లకి వినియడెప్లా, ఎయిత్ ర్యాంట్, హిల్టాడాన్స్ మూడూ ఒకే చిన్న దీవిలో దొరుకుతాయి, మ్యాపు మడత కూడా మార్చక్కర్లేదు.